ఉరి ముందా, మంట ముందా

ఆగస్టు నెల, రెండో శనివారం, సాయంత్రం అయిదుంబావు. బెంగళూరు మడివాళలో మా ఇంటి ముందుగది. ఉన్నవారు: నేను, నా భార్య, మేడ మీద గదిలో అద్దెకుంటున్న కాలేజీ టీచరమ్మ, ఆ పొద్దున్నే ఒంగోలు నుంచి బస్సు దిగిన ఆమె తల్లి.

ఆ రోజు డైరీలో ఇంతవరకు రాసి ఆగిపోయాను. మొదట తేదీ, చోటు, ఉన్నవారి జాబితా, ఆ తరవాత జరిగింది. యాభై ఏళ్లు దాటిన పద్ధతి ఇది. కానీ జరగాల్సింది ఇంకా జరగలేదు. జరిపించాల్సింది నేనే. పెన్ను మూత పెట్టాను, తీశాను, మళ్లీ పెట్టాను. లేచి వెళ్లి గేటు గొళ్లెం సరిగ్గా పడిందో లేదో చూసొచ్చాను. అది చూడటం అప్పటికి మూడోసారి.

టీచరమ్మ ఎలక్ట్రానిక్ సిటీ అవతల ఒక కాలేజీలో చరిత్ర చెబుతుంది. పీహెచ్‌డీ కూడా చేస్తోంది. విషయం చెప్పినప్పుడు మొదట నాకు నవ్వొచ్చింది. మూడు వందల ఏళ్ల కిందట ఇంగ్లండులో రాజు మీద ఒక తిరుగుబాటు లేచిందట. దాన్ని అణచడానికి జరిగిన యుద్ధాల వార్తలు ఆనాటి అచ్చు కాగితాల్లో ఎలా వచ్చాయన్నది ఆమె పరిశోధన. మడివాళ మార్కెట్ వెనక సందులో కూర్చుని దీని గురించి బెంగపడే మనిషి ఉంటుందని నేననుకోలేదు. తరవాత ఒకరోజు, తిరగబడినవాళ్లలో చాలామంది నేతగాళ్లని, తుపాకులు చాలక కొడవళ్లను కర్రలకు బిగించుకుని నడిచారని చెప్పింది. మాదీ మగ్గాల ఇల్లే. మా తాత బెంగళూరు పాత ఊళ్లో, పేటలో పట్టు నేసేవాడు. ఆ రోజు నుంచి నవ్వడం మానేశాను.

ఆ కాగితాలు చిన్నవి. నాలుగు పేజీలు, మహా అయితే ఎనిమిది. ప్రతిదాని నెత్తిన 'నిజమైన వృత్తాంతం' అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ప్రతిదాంట్లోనూ రాజుగారి వైపు చనిపోయినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు, అవతలివాళ్లు మాత్రం గుట్టలు. విదేశీ లైబ్రరీలు కంప్యూటర్లో పెట్టిన బొమ్మలను ఆమె ప్రింటు తీసుకొచ్చేది. ఆ పాత అచ్చు నాకు కొరుకుడు పడదు. ఆమె చదివి తెలుగులో చెబితే నేను పట్టికలో ఎక్కించేవాణ్ని.

ఆ పని నాకు రావడానికి కారణం నా ఉద్యోగం. ముప్ఫై నాలుగేళ్లు ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో తపాలా సెక్షన్ చూశాను. వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ రిజిస్టరులో ఎక్కించాలి. ఉత్తరం మీది తేదీ ఒకటి, అది మనకు అందిన తేదీ ఒకటి, అందులో చెప్పిన సంగతి జరిగిన తేదీ ఇంకొకటి. ఈ మూడూ ఎప్పటికీ కలవకూడదు. కొత్తగా చేరిన గుమాస్తాలకు మొదటిరోజు నేను చెప్పే పాఠం అదొక్కటే. టీచరమ్మ అది విని, తన యుద్ధాలకు కూడా అలాంటి పట్టిక గీసిపెట్టమంది. జూన్‌లో మొదలుపెట్టాం.

ఆమె అధ్యాయమంతా ఒక కాగితం మీద నిలబడి ఉంది. రాజుగారి శిబిరం నుంచి ఒక పెద్దమనిషి రోజువారీగా రాసి పంపిన పదకొండు రోజుల వృత్తాంతం అది. పేరు లేదు. మిగతావాళ్లంతా విన్నది రాశారు, ఇతనొక్కడే సైన్యంతో నడిచి కళ్లారా చూసింది రాశాడు, కాబట్టి యుద్ధానికి వెళ్లి వార్త రాసిన తొలి మనుషుల్లో ఇతనొకడు అని ఆమె వాదన. దానికి అడ్డం వచ్చేది ఒక్కటే. అదే శిబిరంలో బళ్లూ ధాన్యమూ చూసే అధికారి ఒకడు తన పైవాళ్లకు రాసిన ఉత్తరాలు. వాటిలో తేదీలు కలవవు. అలసిపోయిన మనిషి తేదీలు తప్పు వేశాడని ఆమె అధ్యాయంలో రాసేసింది. ఆమె గైడుకు ఆ మాట బాగా నచ్చింది.

తేదీలే కదా అనుకోవడానికి లేదు. తిరుగుబాటుదార్లు ఒక పిండిమరను తగలబెట్టారు. రాజు సైనికులు ఆరుగురు ఖైదీలను ఉరితీశారు. పెద్దమనిషి రాసిన ప్రకారం మర మంగళవారం రాత్రి తగలబడింది, ఉరి బుధవారం పొద్దున. అంటే మర తగలబెట్టినందుకు శిక్ష. తరవాతి పుస్తకాలన్నీ ఇదే వరసలో చెప్పాయట. బళ్ల అధికారి ఉత్తరంలో ఉరి మంగళవారం పొద్దున్నే జరిగిపోయింది. మర ఆ రాత్రి తగలబడింది.

గురువారం సాయంత్రం నేను పట్టికను శుభ్రంగా ఎత్తిరాస్తున్నాను. ఆదివారం మధ్యాహ్నం పన్నెండింటికి విశ్వవిద్యాలయం వాళ్ల పోర్టల్ మూసేస్తారు. రెండుసార్లు గడువు అడిగి తెచ్చుకుంది, మూడోసారి ఇవ్వరు. అధ్యాయం ఈ విడతలో ఆమోదం పొందితేనే కాలేజీలో ఆమె ఉద్యోగం పర్మనెంటు అవుతుంది. లేకపోతే మార్చి తరవాత ఉంటుందో ఊడుతుందో తెలియదు. అందుకని చివరి ప్రతిలో ఒక్క కొట్టివేత కూడా ఉండకూడదని స్కేలు పెట్టి రాస్తున్నాను. అప్పుడు కనబడింది. వాన, వాగు దగ్గర కొట్లాట, బురదలో దిగబడిన ఫిరంగి, ఉరి, అన్నీ పెద్దమనిషి కాగితంలో సరిగ్గా ఒక్క రోజు ఆలస్యంగా ఉన్నాయి. రెండు రోజులు కాదు, ముందుకూ కాదు. మొదటి రెండు రోజులూ, ఆ మంట రాత్రీ మాత్రం ఇద్దరికీ కలిశాయి.

అలసిపోయిన మనిషి ఒకసారి ఇటు తప్పుతాడు, ఒకసారి అటు తప్పుతాడు. ప్రతిసారీ ఒకే వైపు ఒకే రోజు తప్పడు. ఆ తప్పు ఎలా వస్తుందో నాకు చూడగానే తెలిసిపోయింది. ఎలా తెలిసిందో చెప్పాలంటే నా పాత డైరీ ఒకటి తెరవాలి. గురువారం తెరవలేదు. శుక్రవారం తెరవలేదు. శుక్రవారం అన్నం తింటూ తింటూ రెండుసార్లు లేచాను. "ఏమి మీకు, కాలు కాలినట్ల తిరగతా ఉండారు?" అంది నా భార్య.

శనివారం సాయంత్రానికి టీచరమ్మ తల్లి మైసూరుపాకు పెట్టె తెరిచి బల్ల మీద పెట్టింది. ఆమె నర్సుగా చేసి పోయిన ఏడే రిటైరైంది. భర్త లేడు. కూతురి చదువు పూర్తయిందన్నట్టే వచ్చింది.

"తీసుకోండి బాబాయిగారూ, ఇంకోటి తీసుకోండి. షుగరు గిగరు అని చెప్పకండి. మనిషిని చూస్తే నాకు తెలిసిపోద్ది."

"షుగరు లేదమ్మా ఆయనకి," అంది నా భార్య. "ఉండేదంతా మొండితనమే. దానికేమన్నా మాత్ర ఉండాదా మీ తావ?"

"దానికి మాత్ర కనిపెడితే పిన్నిగారూ, ముందు మా ఇంట్లోనే వాడతాను. ఇదిగో, ఇది కూర్చోనుందిగా."

టీచరమ్మ నవ్వుతూ కంప్యూటర్లో పేజీ నంబర్లు సరిచూస్తోంది. ఇక ఆగితే లాభం లేదనిపించింది.

"అమ్మా, ఆయప్ప ఆడ లేడు," అన్నాను.

"ఎవరు తాతగారూ?"

"మన పెద్దమనిషి. శిబిరంలో లేడు. యాడో ఊర్లో కూర్చోని, వచ్చిన ఉత్తరాలు ముందర పెట్టుకోని రాసినాడు."

ఆమె తలెత్తింది. "లేదండీ. టైటిల్ పేజీలోనే ఉంది కదా, శిబిరం నుంచి అని."

"అది అచ్చేసినోడు పెట్టుకున్నాడు. అమ్ముడు పోవాల కదా."

పట్టిక ముందు పెట్టాను. ఒక్కొక్క వరుసా వేలితో చూపించాను. ఆమె మొదట వాదించింది. అధికారే ఒక రోజు ముందుకు వేశాడేమో అంది. అప్పుడు మంట కూడా ముందుకు జరగాలి కదా అన్నాను. అది మాత్రం ఎందుకు కలిసిందని అడిగాను.

"కోయిన్సిడెన్స్ తాతగారూ. ప్లీజ్. రేపే సబ్మిషన్."

"ఎందుకంటే మంట ఆయప్పే చూసినాడు. ఊర్లో మిద్దె ఎక్కితే రాత్రిపూట మంట దూరానికీ కనపడతాది. మొదటి రెండు దినాలు దండు ఆ ఊర్లోనే ఉండుంటాది, అదీ చూసినాడు. కండ్లతో చూసింది చూసిన దినమే వేసినాడు. మిగిలిందంతా ఉత్తరాలు చూసి రాసినాడు. బుధవారం తేదీ వేసిన ఉత్తరంలో మంగళవారం సంగతి ఉంటాది. ఈయప్ప నెత్తిన తేదీ చూసి బుధవారం అని రాసుకున్నాడు."

"అది మీ ఊహ."

"ఊహ కాదమ్మా. నేను చేసినాను ఇట్ల."

లోపలి గదిలోకి వెళ్లాను. బీరువాలో డైరీలు ఏడాది ప్రకారం ఉంటాయి, వెతకాల్సిన పని లేదు. అయినా ఆ అట్ట ముందు కాసేపు నిలబడ్డాను. తెచ్చి బల్ల మీద పెట్టాను.

అప్పటికి మేము పేటలోనే ఉండేవాళ్లం. ఊళ్లో గలాటాలు జరిగిన వారం అది. నాకు టైఫాయిడ్. ఆరు రోజులు పెన్ను పట్టలేదు. జ్వరం తగ్గాక డైరీలో ఆరు ఖాళీ పేజీలు చూసి నాకు నిద్ర పట్టలేదు. ఒక మధ్యాహ్నం ఆ వారం పేపర్లన్నీ మంచం మీద వరసగా పరిచి, ఒక్కొక్క రోజు పేపరు చూసి ఆ రోజు పేజీలో సంగతులు ఎక్కించాను. ఆరు పేజీలూ ఒక పూటలో నిండాయి. పేపరు నెత్తిన శుక్రవారం అని ఉంటుంది, లోపల ఉండేది గురువారం జరిగింది. మూడు తేదీలు కలపకూడదని పదిమందికి పాఠం చెప్పే మనిషిని, నాకే ఆ మాట తట్టలేదు. తట్టింది నాలుగైదేళ్ల తరవాత. అప్పుడు కూడా దిద్దలేదు. దిద్దితే డైరీలో కొట్టివేత కనబడుతుంది.

ఇదంతా చెబుతున్నప్పుడు నేను టీచరమ్మనే చూస్తున్నాను. నా భార్య వైపు చూడలేదు.

ముందు మాట్లాడింది టీచరమ్మ తల్లి. ఆ పేజీలు తనవైపు తిప్పుకుని చూసింది. "ఒకే పెన్ను, ఒకే చేయి. మా వార్డులో జ్వరం చార్టులు ఇట్టాగే ఉండేవి. గంటగంటకీ రాయాల్సింది పొద్దున్నే ఒక్కసారి కూర్చోని నింపేవాళ్లం. మా హెడ్డు సిస్టరు చూడగానే పట్టేసేది. 'ఏమ్మా, నీ పేషెంటుకి జ్వరం మెట్లు ఎక్కినట్టు ఎక్కిందే, ఒక్కసారన్నా తూలలేదే' అనేది." అంటూనే ఆగిపోయింది. తను ఎవరి వైపు సాక్ష్యం చెప్పిందో అప్పుడు అర్థమైంది. "అయినా పుస్తకాల సంగతి వేరులే," అంది చిన్నగా.

టీచరమ్మ కంప్యూటర్ మూత దించింది.

"ఆ గురువారం పేజీలో ఏమని రాసినారు?" అని నా భార్య అడిగింది.

ఆ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. ఆ గురువారం సాయంత్రం మా వీధిలో రాళ్లు పడ్డాయి. జ్వరంలో పడుకుని ఆ చప్పుడు నేనే విన్నాను, కాబట్టి గురువారం పేజీలోనే రాశాను. లాఠీలు తిరిగిన సంగతి పేపరు చూసి శుక్రవారం పేజీలో రాశాను. నా భార్య అన్నకు పేటలో బట్టల అంగడి. గురువారం పొద్దున అంగడి మూయబోతే మోకాలి మీద లాఠీ పడిందని ఆయన చెప్పాడు. గురువారం లాఠీలే లేవని నేను డైరీ తీసి చూపించాను. శుక్రవారం గుంపులో వేడుక చూడబోయి తిని ఉంటాడని అన్నాను, నలుగురిలో. ఆయన ఆ తరవాత మా ఇంటికి వచ్చినా కూర్చునేవాడు కాదు. చివరిదాకా కుంటుతూనే నడిచాడు. పోయి ఆరేళ్లయింది.

"గురువారం నాకు ఒక్కపొద్దు," అంది నా భార్య. "పొయ్యి వెలిగించలేదు. మా అన్న కుంటుకుంటా వచ్చి నీళ్లు అడిగె. నీళ్లిచ్చినాను. సాయంత్రం కదా రాళ్లు పడినాయి. చెప్పలేదా నేను? ఎన్ని మాట్లు చెప్పినాను?"

"చెప్పినావు."

"డైరీలో ఉండాది, డైరీలో ఉండాది అని నా నోరు మూసినారు. తెలిసినాక కూడా సుమ్నె, నోరెత్తకుండా ఉండారు."

ఆమె మైసూరుపాకు పెట్టె మూత పెట్టి వంటింట్లోకి వెళ్లింది. అక్కడ చాలాసేపు పంపు నీళ్లు పడుతున్న చప్పుడు వినబడింది.

టీచరమ్మ ఆ డైరీనీ పట్టికనూ తీసుకుని మేడ మీదికి వెళ్లింది. మెట్ల దగ్గర ఆమె తల్లి వెనక్కి తిరిగింది. "మీరు మంచివారు బాబాయిగారూ. కానీ రెండు రోజులు ఆగి సోమవారం చెప్పుంటే ఏం పోయేది?"

గురువారం చెప్పి ఉండాల్సిందని నేను మథనపడుతున్నాను. సోమవారం చెప్పాల్సిందని ఆమె.

మరునాడు, ఆదివారం, ఆరున్నరకు గేటు తీస్తుంటే టీచరమ్మ మెట్ల మీద కూర్చుని ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మీరన్నది కరెక్టే తాతగారూ. మిగతా రోజులు కూడా చూశాను. ఆయన రాసిన ఒక వాక్యం ఇంకొకరి ఉత్తరంలో దాదాపు అలాగే ఉంది. అది నాకు ముందే కనిపించింది. పోన్లే అనుకున్నాను." కాసేపు గేటు వైపు చూసింది. "ఆ ఉరి వరస ఒక్కటి మార్చేసి, మిగతాదంతా అలాగే ఉంచితే? సర్‌కి తెలియదు. కమిటీకి అసలు తెలియదు."

నా నోటిదాకా ఏదో వచ్చింది. నిన్నటి తరవాత ఎవరికైనా సలహా చెప్పే మొహం నాకు లేదు. "నాకు తెలియదమ్మా," అన్నాను. "నేను దిద్దకుండా పెట్టుకోని ముప్ఫై ఏండ్లు ఉండినాను. ఏమీ కాలేదు. నన్ను ఎవరూ ఏమీ అనలేదు." వంటింటి వైపు చూశాను. "అట్లే జరిగిపోతాది."

ఆమె లేచి వెళ్లిపోయింది.

ఎనిమిదింటికి గైడుకు ఫోన్ చేసింది. మేడ వరండాలో నడుస్తూ మాట్లాడుతోంది. ఆమె మాటలు మాత్రమే మాకు వినబడ్డాయి. "యెస్ సార్... తెలుసు సార్... లేదు సార్, బుక్ వేసేటప్పుడు మార్చుకోవచ్చు, కానీ ఇప్పుడు నాకు తెలిసిపోయింది కదా సార్... ఆ సెక్షన్ తీసేస్తున్నాను... పద్నాలుగు పేజీలు సార్... సంతకం మీ ఇష్టం సార్."

తొమ్మిదింటికి ఆమె తల్లి తెల్ల చీర కట్టుకుని, బైబిలు పట్టుకుని దిగింది. నన్ను చూసి ఆగలేదు. చర్చికి ఆటో ఎక్కడ దొరుకుతుందని నా భార్యను అడిగి వెళ్లిపోయింది. నా భార్య అప్పటిదాకా నాతో మాట్లాడలేదు. కాఫీ బల్ల మీద పెట్టి, ఫోన్ తీసుకుని తన వదినకు చేసింది. నాకు వినబడేట్టుగానే మాట్లాడింది. "వదినా, మా అన్న చెప్పింది నిజమే. గురువారమే. ఈయప్ప డైరీ తప్పు... ఇప్పుడేమి అంటే ఏమి చెప్పేది, ఇప్పుడే తెలిసె నాకు... ఊ... ఇయ్యనా? ఇదో, మాట్లాడండి." ఫోన్ నా చేతిలో పెట్టింది. అవతల ఆమె ఏడుస్తోందో, ఊపిరి తీసుకుంటోందో తెలియలేదు. తప్పు నాదేనమ్మా అన్నాను. "ఆయనకి చెప్పుంటే బాగుండు," అని ఆమె ఫోన్ పెట్టేసింది.

పన్నెండుకు ఇరవై నిమిషాలుండగా టీచరమ్మ కంప్యూటర్ పట్టుకుని కిందికి వచ్చింది. పై గదిలో నెట్ అందడం లేదంది. పద్నాలుగు పేజీలు పోయాయి. వాటి చోట మూడు పేజీలు వచ్చాయి. ఆ పెద్దమనిషి శిబిరంలో లేడని, ఉరి ముందు జరిగిందని, మంట తరవాత అని, ఇది తను ముందు రాసినదానికి విరుద్ధమని. బటన్ నొక్కింది. గుండ్రంగా ఏదో తిరిగింది. తరవాత ఒక పసుపు గీతలో అక్షరాలు వచ్చాయి. చదివి చెప్పమన్నాను.

"అందింది. గైడు ఆమోదం లేదు. పరిశీలనలో పెట్టలేదు."

"అంటే?"

"అంటే ఈ విడతలో లేనట్టే తాతగారూ. మళ్లీ వచ్చే జూన్."

"మరి మార్చి?"

ఆమె భుజాలు ఎగరేసింది. అప్పుడే గేటు చప్పుడైంది. ఆమె తల్లి చర్చి నుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విప్పుతోంది. కూతురి మొహం చూసింది, బల్ల మీది కంప్యూటర్ చూసింది, నన్ను చూసింది.

"రాత్రి బస్సుకి టికెట్ ఉందన్నావు కదమ్మా," అంది టీచరమ్మ.

"క్యాన్సిల్ చెయ్," అంది తల్లి. "ఈ గదిలో బియ్యం ఎక్కడ పెట్టి చచ్చావో చెప్పు ముందు. నిన్న సాయంత్రం నుంచీ ఏమీ తినలేదు నువ్వు."

ఇద్దరూ మెట్లెక్కారు. నేను గేటు దగ్గరికి వెళ్లి గొళ్లెం వేశాను. మేడ మీద కుక్కరు మూడు కూతలు కూసేదాకా అక్కడే నిలబడ్డాను.